క్రాసోవర్ డబ్బాను పక్కన పడేయకండి

కారుకు కాంపొనెంట్ స్పీకర్లు (వూఫర్, ట్వీటర్ విడివిడిగా వచ్చే సెట్) కొన్నవాళ్లు పెట్టె విప్పగానే బరువైన శబ్దాలిచ్చే పెద్ద వూఫర్‌నీ, సన్నని శబ్దాలిచ్చే చిన్న ట్వీటర్‌నీ చూసి మురిసిపోతారు. అడుగున ఉన్న రెండు చిన్న డబ్బాలను, అంటే శబ్దాన్ని విడదీసి ఏ స్పీకర్‌కు ఏది వెళ్లాలో పంచే క్రాసోవర్లను, పట్టించుకునేవాళ్లు తక్కువ. ఫిట్టింగ్‌లో తొందరైతే వాటిని వదిలేసి, ట్వీటర్‌కు ఒక కెపాసిటర్ తగిలించి వూఫర్ తీగలకే కలిపేస్తుంటారు. విజయవాడలో నా దగ్గరికి "సౌండ్ చెవుల్లో గుచ్చుకుంటోందన్నా" అంటూ ఏ కారు వచ్చినా నేను ముందు వెతికేది ఆ డబ్బాల కోసమే.

అందులో ముఖ్యమైనవి రెండే. కెపాసిటర్ బేస్‌ను ఆపి సన్నని శబ్దాలను ట్వీటర్‌కు వదులుతుంది. కాయిల్ ఆ సన్నని శబ్దాలను ఆపి మిగతావి వూఫర్‌కు పంపుతుంది. దీనికి వేరే కరెంటు కనెక్షన్ అక్కర్లేదు కాబట్టే పాసివ్ క్రాసోవర్ అంటారు. బేస్ నేరుగా తగిలితే ట్వీటర్ లోపల ఉండే దాని సొంత కాయిల్ కాలిపోతుంది.

ఒక్క లెక్క తెలుసుకుంటే చాలా పొరపాట్లు తప్పుతాయి. 4 ఓమ్‌ల (స్పీకర్ కరెంటుకు ఇచ్చే అడ్డు కొలత) ట్వీటర్‌కు 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే కటాఫ్, అంటే శబ్దాన్ని విడదీసే చోటు, సుమారు 4000 హెర్ట్జ్. అదే కెపాసిటర్ 8 ఓమ్‌ల ట్వీటర్‌కు పెడితే 2000కి దిగిపోతుంది. అంటే డబ్బా మీద రాసిన అంకె ఆ సెట్ స్పీకర్లకే వర్తిస్తుంది. ఇంట్లో పాత హోమ్ స్పీకర్ల 8 ఓమ్‌ల క్రాసోవర్ ఉంది కదా అని కారుకు పెట్టేరు! అది 3000 దగ్గర విడదీసేలా చేసినదనుకోండి. 4 ఓమ్‌ల కారు స్పీకర్లతో ట్వీటర్ 6000 దగ్గర మొదలవుతుంది, వూఫర్ 1500కే ఆగిపోతుంది. మాటల్లో స్పష్టత ఉండేదంతా ఆ మధ్యలోనే. అందుకని మంచి కంపెనీదైనా సరే, వేరే సెట్ డబ్బా వాడొద్దు.

బిగించే చోటు గురించి కాస్త పట్టుదలగానే చెబుతాను. డోర్ లోపల అద్దం పక్కనుంచి వాన నీళ్లు దిగుతాయి. ఆ దారిలో డబ్బా పెడితే తుప్పు ఖాయం. డాష్‌బోర్డు కింద, కాళ్ల దగ్గరి సైడ్ ప్యానెల్ వెనక పెట్టండి. వూఫర్ అయస్కాంతానికి, ఇనుప రేకుకు కాయిల్‌ను ఆనించకండి, దాని విలువ మారుతుంది. డబ్బాను ఇక్కడ పెడితే డోర్‌లోకి వూఫర్ తీగను కొత్తగా లాగాలి. అది డోర్‌కూ బాడీకీ మధ్య తీగలు పోయే రబ్బరు గొట్టం (బూటు) గుండా పోవాలి కాబట్టి పని ఎక్కువే. అయినా చేయించుకోండి.

కనెక్షన్‌లో ఇన్‌పుట్, వూఫర్, ట్వీటర్ అని మూడు జతలు ఉంటాయి. స్పీకర్ నెగటివ్ తీగను కారు బాడీకి ఎప్పుడూ కలపకండి. ఇప్పటి స్టీరియోల్లో రెండు తీగల్లోనూ సిగ్నల్ ఉంటుంది, బాడీకి తగిలితే స్టీరియో లోపలి ఐసీ (చిప్) పోవచ్చు. ఏ తీగ ప్లస్సో అనుమానమైతే, డబ్బాకు కలపకముందే వూఫర్ తీగలకు ఒక పెన్సిల్ సెల్ క్షణం తాకించండి. కోన్ బయటికి వస్తే సెల్ ప్లస్ తగిలిందే స్పీకర్ ప్లస్. ట్వీటర్‌తో ఈ పని చేయకండి.

ఇక వినాలి. స్టీరియోలో బేస్, ట్రెబుల్ సున్నాకు తెచ్చి, వాద్యాలు తక్కువగా ఉండి గొంతు బాగా తెలిసే పాట పెట్టండి. శ, ష, స అక్షరాలు ఈల వేసినట్టు సాగుతుంటే డబ్బాలోని జంపర్‌ను (ట్వీటర్ జోరు మార్చే చిన్న పిన్ను) 0 నుంచి మైనస్ 3 డీబీకి మార్చండి. ట్వీటర్‌కు వెళ్లే పవర్ సగమవుతుంది. ట్వీటర్ అద్దం పక్క త్రికోణంలో, మీ ముఖం వైపు తిరిగి ఉంటే చాలాసార్లు ఇది అవసరమవుతుంది. గొంతు పలచగా, ఎక్కడో దూరంగా ఉన్నట్టుంటే రెండు వైపులా ట్వీటర్ ప్లస్, మైనస్ తీగలు తారుమారు చేసి వినండి. 12 డీబీ క్రాసోవర్లలో (శబ్దాన్ని ఒక ఆక్టేవ్‌కు 12 డీబీ చొప్పున కోసేవి) కటాఫ్ దగ్గర వూఫర్‌కూ ట్వీటర్‌కూ మధ్య 180 డిగ్రీల ఫేజ్ తేడా వస్తుంది, అంటే ఒకటి ముందుకు నెట్టినప్పుడు ఇంకొకటి వెనక్కి లాగుతుంది, ఒక్కోసారి ఈ ఒక్క మార్పుతోనే గొంతు నిండుగా ముందుకు వస్తుంది. రాకపోతే మళ్లీ పాత పద్ధతికే కలిపేయండి.

సబ్‌వూఫర్ కూడా ఉంటే ముందు స్పీకర్లకు స్టీరియోలోనే హై పాస్ ఫిల్టర్ (లోతైన బేస్‌ను ఆపేది) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి, ఆ పని ఈ డబ్బా చేయదు. వెనక డోర్లకు ఇంకో సెట్ కొని అదే తీగలకు సమాంతరంగా కలిపితే మాత్రం 4 ఓమ్‌ల లోడ్ 2 ఓమ్‌లకు పడిపోతుంది. మీ ఆంప్ (ఆంప్లిఫయర్) మాన్యువల్‌లో 2 ఓమ్‌లు స్టేబుల్ అని రాసి ఉంటేనే అలా చేయండి. లేదంటే వెనకవాటికి వేరే ఛానెళ్లు వాడండి.