కూరలో కలిపే మాత్ర నా దగ్గర లేదు

తిరుపతిలో రుయా ఆసుపత్రి దగ్గర్లో నాది మందుల షాపు. "అన్నా, తాగుడు మాన్పించే మాత్రలియ్యి, ఆయనకు తెలీకుండా సాంబార్‌లో కలిపేస్తా" అని వచ్చే చెల్లెమ్మలకు నేను చెప్పేదే ఇక్కడ రాస్తున్నా.

ఆ మాత్ర డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా మందు తాగితే ముఖం ఎర్రబడుతుంది, వాంతులవుతాయి, గుండె దడదడలాడుతుంది, బీపీ పడిపోతుంది. ఒక్కోసారి ప్రాణం మీదికొస్తుంది. తాగే మనిషి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చెబితేనే వేసుకోవాలి.

అలాగని రోజూ తాగేవాణ్ణి ఉన్నపళంగా మానమని ఒట్టు వేయించుకోవద్దు. అయ్యప్ప మాల వేసుకుని ఆ రోజే ఆపేసేవాళ్లు మన పక్క చాలామంది. మాల మంచిదే, కానీ ముందు డాక్టరును కలవాలి. ఆపిన కొన్ని గంటలకే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర ఉండదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత లేని మనుషులు కనిపిస్తున్నారంటూ కేకలు పెడితే, గాలి సోకిందని తాయెత్తుకు పరుగెత్తకండి. అది తాగుడు ఆపినందుకు మెదడు తిరగబడటం. వెంటనే 108కి ఫోన్ చేయండి.

రుయాలో చూపించాల్సింది సైకియాట్రీ ఓపీలో. పిచ్చి డాక్టరా అని మొహం చిట్లిస్తారు. తాగుడు జబ్బేనని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టమే ఒప్పుకుంది, మనకేం నామోషీ? రోజుకెంత తాగుతాడు, చివరిసారి ఎప్పుడు తాగాడు, ముందెప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అన్నవి దాచకుండా చెప్పండి. వణుకు తగ్గడానికి కొన్నాళ్లు మాత్రలు, బి1 విటమిన్ ఇస్తారు. తర్వాత తాగాలనే యావ తగ్గించడానికి నాల్ట్రెక్సోన్ గానీ అకాంప్రోసేట్ గానీ రాస్తారు. లివర్, కిడ్నీ ఎలా ఉన్నాయో చూసి ఏది ఇవ్వాలో వాళ్లే తేలుస్తారు. నెలల తరబడి వాడాలి. వారానికే "బాగైపోయాడన్నా" అని మాత్రలు ఆపేస్తే ఏం లాభం?

ఈమధ్య షుగరు, బరువు తగ్గించే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ గురించి కూడా అడుగుతున్నారు. 2025లో వచ్చిన ఒక చిన్న ట్రయల్‌లో దాంతో తాగాలనే కోరిక తగ్గినట్టు కనిపించిన మాట నిజమే. పెద్ద ట్రయల్స్‌లో తేలేదాకా దానికోసం డబ్బులు తగలేయొద్దు.

ఆయన రానంటే, తాగని పూట, పొద్దున్నే కదపండి. అప్పటికీ కదలకపోతే తాగుడు మాన్పించే సర్కారు హెల్ప్‌లైన్ 14446కి మీరే ఫోన్ చేయండి, ఇంట్లోవాళ్లతోనూ మాట్లాడతారు. మళ్లీ తాగాడా, పాత చీటీలన్నీ పట్టుకుని ఆ వారమే ఓపీకి తీసుకురండి.