హీటర్లు వేసేలోపు క్లియోపాత్రాను చూసుకోండి

బొలోన్యా, మిలాన్ వంటి ఉత్తర ఇటలీ నగరాల్లో ఇళ్ల హీటర్లకు అనుమతి అక్టోబర్ 15న మొదలై ఏప్రిల్ 15తో ముగుస్తుంది. ఇంట్లో పాత తైలవర్ణ చిత్రం ఉన్నవారికి ఆ తొలి రోజులే గండం. అప్పటిదాకా తేమలో ఉన్న కాన్వాసు, జిగురు, రంగు, వెనుక చెక్కచట్రం ఒక్కసారిగా ఎండటం మొదలుపెడతాయి. ఒక్కొక్కటి ఒక్కో తీరున కుంచించుకుపోతుంది. మధ్యలో నలిగిపోయేది రంగే.

మా ఇంట్లో ఉన్నది క్లియోపాత్రా, పాముతో కాటు వేయించుకుని ప్రాణం తీసుకుందని చెప్పే ఈజిప్టు రాణి. ఫ్లోరెన్స్‌లోని పిట్టి ప్యాలెస్‌లో ఇటలీ చిత్రకారుడు గ్విడో రేని గీసిన రాణి ఉంది కదా, దానికి పాత నకలు. నిరుడు గది చీకటి చేసి, ఫోను టార్చిని చిత్రం అంచున పక్కవాటుగా పట్టి చూశాను. పాము తోక పక్కన నువ్వుగింజంత పెచ్చు లేచి ఉంది. దాని నీడ మాత్రం వేలెడు పొడవున పడింది! మీరూ అలాగే చూడండి. లేచిన పెచ్చు కనిపిస్తే గుడ్డతో ముట్టుకోకండి, ఊదకండి.

ఎందుకింత చెబుతున్నానంటే, రాణి ఒంటి తెల్లదనం సీసపు తెలుపుతో మందంగా వేసింది, గట్టిగా నిలుస్తుంది. పాము, వెనుక చీకటి పలుచని పూతలు. తడిగుడ్డతోనో, కోసిన బంగాళాదుంపతోనో తుడిస్తే ముందు పోయేవి అవే. పాము చెరిగిపోతే ఆమె క్లియోపాత్రా అని చెప్పేదేముంది? చేతిలో విషపాత్ర ఉంటే సోఫోనిస్బా అనే రాణి, కత్తి, చితి ఉంటే డైడో అనే రాణి. ఆ చిన్న వస్తువే ఆ రాణి పేరు.

చిత్రాన్ని రేడియేటర్ (గదిని వేడిచేసే గోడ హీటరు), పొయ్యి ఉన్న గోడల నుంచి తప్పించండి. బయటిగోడ చలికి చెమ్మగిల్లుతుంది. అక్కడే వేలాడదీయక తప్పకపోతే చట్రం కింది మూలల వెనుక కార్కు ముక్కలు పెట్టి గాలి ఆడనివ్వండి. గదిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలి. రేడియేటర్‌కు తగిలించే పింగాణీ నీళ్లపాత్ర కొంత ఆదుకుంటుంది. హీటరు మొదటిరోజే పూర్తిగా పెంచకుండా కొద్దికొద్దిగా పెంచండి. దించేటప్పుడు ఇద్దరుండాలి, చట్రాన్ని రెండు పక్కలా పట్టుకోవాలి. పైపట్టీ పట్టి ఎత్తితే బంగారుపూత ఊడి చేతికొస్తుంది.

కాస్త భద్రమని నేలమాళిగలో మాత్రం దాచకండి. 1966 నవంబర్ 4న ఆర్నో నది ఫ్లోరెన్స్‌ను ముంచెత్తింది. చిత్రకారుడు వాసారి గీసిన 'కడపటి విందు' చెక్కపలకలు నీట మునిగాయి, అవి బాగుపడి అక్కడి సాంతా క్రోచే చర్చికి తిరిగి వచ్చేసరికి 2016 వచ్చింది.

ఇంత చేసినా పెచ్చు రాలితే ఇంటి జిగురుతో అంటించకండి. నేలను ఊడవకుండా, మెత్తని కుంచెతో దాన్ని కాగితం మీదికి తీసుకుని పొట్లం కట్టండి. ఎక్కడిదో, ఏ రోజు రాలిందో దాని మీద రాసి, చిత్రాలు బాగుచేసేవారు వచ్చేదాకా విడిగా దాచండి.