ఏసీ కొనకుండా పడకగది చల్లబడింది
మాది కోనసీమ. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి తలుపులేసి కూలర్ పెడితే గది జిడ్డుగా అవుతుందే తప్ప చల్లబడదు, కూలర్‌కి ఎదురుగా ఉన్న కిటికీ తెరవాల్సిందే. అసలు వేడి డాబా నుంచే దిగుతోంది, పొద్దుపోయాక కూడా శ్లాబు చెయ్యి పెట్టలేనంత కాలేది. అందుకే డాబా శుభ్రంగా కడిగి, సున్నం ముందురోజే నానబెట్టి (ఉడికేటప్పుడు చిమ్ముతుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి), వడకట్టి, పట్టు కోసం కాస్త ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేశాం. పడకగది పైన వెదురు బొంగులు కట్టి కొబ్బరాకుల పందిరి వేశాం, మధ్యలో గాలి ఆడాలి, ఆకులు నేరుగా శ్లాబు మీద పరవొద్దు. ఆకులు మా చెట్లవే. 75 వాట్ల పాత ఫ్యాన్ తీసేసి 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తినే మోటారు) ఫ్యాన్ బిగించాం. యూనిట్లు పెరిగేకొద్దీ రేటూ పెరుగుతుంది కదా, బిల్లులో తేడా బాగా తెలిసింది.