కొత్త ఫోనులో పెళ్లి వీడియో ఆగి ఆగి నడుస్తుంటే

మొన్న రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం, బిట్రగుంట నుంచి ఒక పెద్దాయన బస్సులో కావలి వచ్చి నా స్టూడియో మెట్లెక్కారు. చొక్కా జేబులో వారం కిందట కొన్న ఫోను. అందులో కూతురి పెళ్లి వీడియో పెట్టి చూపించారు. మేళం చక్కగా మోగుతోంది, బొమ్మ మాత్రం కుంటుతోంది. అల్లుడి చేతులు తాళిబొట్టుతో పైకి లేచి గాలిలోనే నిలిచిపోయాయి. మళ్లీ కదిలేసరికి రెండో ముడి పడుతోంది. మొదటి ముడి ఆ ఫోనులో కనబడనే లేదు.

"17 వేలు పెట్టి కొన్నాను నాయనా. ఫోను మంచిది కాదా, నువ్వు తీసిందే చెడిపోయిందా?" అని అడిగారు.

ఫోనూ బాగుంది, నేను తీసిందీ బాగుంది. పెళ్లి వీడియోలు తీసే పనిలో ఉన్నాను కాబట్టి ముహూర్తాల కాలంలో ఈ ప్రశ్న నాకు తరచుగా వస్తుంది. చాలామంది నేరుగా దుకాణానికి వెళ్లి ఫోను మార్చమంటారు, మార్చిన ఫోనులోనూ అదే అవస్థ పడతారు. అలా కాకుండా ఏ వరుసలో చూసుకోవాలో చెబుతాను.

ముందు ఆగుతున్నది ఏమిటో గమనించండి. తెర మధ్యలో గుండ్రం తిరుగుతూ బొమ్మా, శబ్దమూ రెండూ ఆగితే అది నెట్ సమస్య. శబ్దం సాఫీగా వస్తూ బొమ్మ ఒక్కటే ఎగిరెగిరి పడుతుంటే, ఫైలులో కుదించి పెట్టిన ఆ బొమ్మలను ఫోను వేళకు విప్పలేకపోతోందని అర్థం. రెండూ సాఫీగానే ఉండి పెదవుల కదలికకు మాట వెనకబడితే బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు తీసేసి చూడండి. చాలాసార్లు అక్కడితో సరిపోతుంది.

తర్వాత ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, దాని సొంత కెమెరాతోనే 1080పీలో, సెకనుకు 30 ఫ్రేములతో (ఫ్రేము అంటే ఒక్కో నిశ్చల బొమ్మ) ఒక నిమిషం వీడియో తీయండి. వీధిలో పోయే ఆటో అయినా సరే. దాన్ని గ్యాలరీలో నడపండి. సాఫీగా నడిస్తే తెరకూ, చిప్‌కూ లోపం లేదని ధైర్యంగా ఉండవచ్చు. పెద్దాయన ఫోనులో మా స్టూడియో ఎదుటి రోడ్డు తీశాము. నీళ్లలా నడిచింది. ఆయన ముఖంలో సగం బెంగ అప్పుడే తీరింది.

ఇక మిగిలింది ఫైలు. అసలు సంగతి ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. పెళ్లిని నేను 4కేలో, సెకనుకు 50 ఫ్రేములతో తీస్తాను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మండపంలోని లైట్లు వీడియోలో మిణుకుమనకుండా ఉండటానికి ఆ లెక్క. 4కే ఫ్రేము ఒక్కొక్కదానిలో దాదాపు 83 లక్షల చుక్కలు ఉంటాయి. 1080పీ ఫ్రేములో 21 లక్షల లోపే. అంటే నాలుగు రెట్లు. ఫ్రేములు ఫోనుకు సరిపోయే 25కు బదులు 50 కాబట్టి మరో రెండు రెట్లు. మొత్తం ఎనిమిది రెట్ల పని ప్రతి సెకనూ ఫోను నెత్తిన పడుతుంది. పెద్దాయన ఫోను తెర 720 బై 1600. దాని మీద ఉన్న చుక్కలే పదకొండున్నర లక్షలు! ఎనిమిది రెట్లు శ్రమపడి విప్పినదాన్ని కుదించి చూపించడం తప్ప ఆ తెరకు మరో దారి లేదు.

దీనికి తోడు ఫైలును ఏ పద్ధతిలో కుదించారన్నది ఉంది. హెచ్.264 పాతది, 2003 నాటిది. ఈనాటి ఫోన్లన్నింటిలోనూ దాన్ని విప్పడానికి చిప్‌లోనే ప్రత్యేకమైన ఏర్పాటు ఉంటుంది. 2013లో వచ్చిన హెచ్‌ఈవీసీ తక్కువ చోటులో ఎక్కువ నాణ్యత ఇస్తుంది కానీ ఎక్కువ పని అడుగుతుంది. మీ ఫైలు ఏ రకమో తెలియాలంటే వీడియోలు నడిపే వీఎల్‌సీ యాప్‌లో ఆ వీడియో పక్కనున్న మూడు చుక్కలు నొక్కి సమాచారం తెరవండి. కోడెక్ (కుదించిన పద్ధతి), రెజల్యూషన్ (చుక్కల లెక్క) అక్కడ కనిపిస్తాయి.

ఆయన్ని ఫ్యాను కింద కూర్చోబెట్టి, మాంగల్యధారణ ఘట్టాన్ని 1080పీ, 25 ఫ్రేములు, హెచ్.264గా మళ్లీ తయారుచేసి ఫోనులోకి ఎక్కించాను. మొదట ఇచ్చిన 80 ఎంబీపీఎస్ (సెకనుకు 80 మెగాబిట్లు; ఎనిమిది బిట్లు ఒక బైటు) ఫైలు నిమిషానికి 600 ఎంబీ తింటే, ఇది 12 ఎంబీపీఎస్‌తో 90 ఎంబీ. ఆయన కళ్లజోడు తుడుచుకుని చూశారు. మొదటి ముడి, రెండోది, మూడోది, అక్షింతలు. ఏమీ మాట్లాడకుండా వెనక్కి జరిపి మళ్లీ చూశారు.

కాబట్టి మీ వీడియోగ్రాఫర్‌ను మొహమాటపడకుండా అడగండి: టీవీకి ఒక ఫైలు, ఫోనుకు ఒక ఫైలు కావాలని. ఇవ్వడం మా బాధ్యత. తీసుకునేటప్పుడు వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపించుకోవద్దు, అది మళ్లీ కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే 2 జీబీ వరకు ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

వీడియో మెమరీ కార్డులో ఉంటే ఫోను లోపలి స్టోరేజీలోకి కాపీ చేసి నడిపి చూడండి. కార్డు మీద గుండ్రంలో 10 అంకె ఉంటే సెకనుకు కనీసం 10 ఎంబీ రాయగలదని హామీ. పైన చెప్పిన 80 ఎంబీపీఎస్ ఫైలుకు సరిగ్గా సెకనుకు 10 ఎంబీ కావాలి. నకిలీ కార్డులు ఆ వేగాన్ని అందుకోలేవు. కార్డును మాత్రం పేరున్న దుకాణంలో బిల్లుతోనే కొనండి. పెళ్లి ఫోటోలు నకిలీ కార్డులో పోగొట్టుకున్న కుటుంబాలను చూశాను, వాళ్లకు ఏమని చెప్పాలో తోచదు.

మన నెల్లూరు, ఒంగోలు ఎండల్లో వేడిని మరిచిపోకూడదు. చిప్ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. కవరు తీసి, ఛార్జింగ్ తీసేసి, పది నిమిషాలు ఫ్యాను గాలికి ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టే పని ఎన్నడూ చేయకండి, లోపల తేమ పడుతుంది. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉన్నా వేగం తగ్గుతుంది, తీసేయండి.

కొన్న మొదటి రెండు రోజులు ఏ ఫోనైనా కాస్త మందంగానే ఉంటుంది. పాత ఫోను నుంచి యాప్‌లు, ఫోటోలు దిగుతుంటాయి, అప్‌డేట్లు నడుస్తుంటాయి. ఒక రాత్రి వైఫైకి, ఛార్జర్‌కు కలిపి వదిలేసి, పొద్దున ఒకసారి ఆపి ఆన్ చేయండి.

నేరుగా యూట్యూబ్‌లో చూసేటప్పుడైతే 1080పీకి 5 ఎంబీపీఎస్, 4కేకి 20 ఎంబీపీఎస్ నిలకడగా రావాలి. 5జీ సిగ్నల్ వస్తూ పోతూ ఉండే ఊళ్లలో సెట్టింగ్స్‌లో 4జీకే పరిమితం చేస్తే నయం. నెట్ బాగున్నా బొమ్మ ఎగురుతుంటే, యూట్యూబ్ సెట్టింగ్స్‌లో 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' ఆన్ చేసుకుని చూడండి. కోడెక్ దగ్గర ఏవీ01 అని ఉండి, డ్రాప్ అయిన ఫ్రేముల అంకె పెరుగుతూ పోతుంటే, ఏవీ1 అనే ఆ కుదింపు పద్ధతిని విప్పే ఏర్పాటు మీ చిప్‌లో లేక ప్రాసెసర్ ఒంటిగా మోస్తూ ఉండవచ్చు. నాణ్యతను 720పీకి దించితే కుదుటపడుతుంది. యాప్ క్యాష్ (తాత్కాలికంగా దాచుకున్న ఫైళ్లు) తుడవండి, డేటా తుడవకండి. డౌన్‌లోడ్ చేసుకున్నవి పోతాయి.

వీఎల్‌సీలో అయితే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (చిప్‌లోని ఆ ప్రత్యేక ఏర్పాటును వాడుకోవడం) నిలిపి ఉందేమో చూసి ఆటోమేటిక్‌కు మార్చండి. ఎవరైనా డెవలపర్ ఆప్షన్స్ తెరిచి ఏవేవో మార్చి ఉంటే వాటిని ఆఫ్ చేయండి.

ఇవన్నీ అయ్యాక కూడా ఫోను సొంత కెమెరాతో తీసిన ఆ నిమిషం వీడియోనే చల్లటి ఫోనులో తడబడుతుంటే, అప్పుడు లోపం ఫోనుదే. అది తడబడటాన్ని మరో ఫోనుతో వీడియో తీసి పెట్టుకోండి. బిల్లు, పెట్టె, ఛార్జరు తీసుకుని, మార్పిడి గడువు దాటకముందే దుకాణానికి వెళ్లండి. సర్వీస్ సెంటర్‌కు పంపితే జాబ్‌షీటు (ఫోను తీసుకున్నట్టు ఇచ్చే రసీదు) రాయించుకోండి. ఎవరూ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, బిల్లు నంబరు, తేదీ దగ్గర పెట్టుకుని ఫిర్యాదు నమోదు చేయించండి.