పంచారామ యాత్ర: రెండు రోజుల్లో, మధ్యాహ్నాలను లెక్కలోకి తీసుకుని

కార్తీక మాసంలో, అందులోనూ సోమవారం నాడు, పంచారామాలనే ఐదు శివక్షేత్రాలనూ ఒకే రోజులో దర్శించుకోవాలన్న సంకల్పం చాలామందికి ఉంటుంది. ఆ నెలలో ఆర్టీసీ నడిపే ప్రత్యేక బస్సులు కూడా ఆ సంకల్పాన్ని దృష్టిలో పెట్టుకున్నవే. అయితే ఒక్క రోజులో ముగించే యాత్రలో ఎక్కువ కాలం రోడ్డు మీదా, క్యూలైన్లలోనే గడిచిపోతుంది. ఈ క్షేత్రాల విశేషమంతా లింగాల రూపంలోనూ, వాటిని దర్శించే పద్ధతిలోనూ ఉంది కనుక, వీలున్నవారు రెండు రోజులు కేటాయించుకోవడమే ఉచితమని నా అభిప్రాయం.

బయలుదేరే ముందు స్థలపురాణం తెలుసుకుని ఉంటే ఐదు గుళ్ల మధ్య ఉన్న సంబంధం అర్థమవుతుంది. తారకాసురుడు తన కంఠంలో శివలింగాన్ని ధరించి ఉన్నంతకాలం అతనికి చావు లేదు. కుమారస్వామి తన శక్త్యాయుధంతో ఆ లింగాన్ని ఛేదించగా అది ఐదు ముక్కలై ఐదు చోట్ల పడిందనీ, అమరావతిలో ఇంద్రుడు, ద్రాక్షారామంలో సూర్యుడు, భీమవరం దగ్గరి గునుపూడిలో చంద్రుడు, పాలకొల్లులో విష్ణువు, సామర్లకోటలో కుమారస్వామి వాటిని ప్రతిష్ఠించారనీ కథ. ఇక్కడొక జాగ్రత్త అవసరం. సామర్లకోటలో ఆలయమున్న ప్రాంతానికి కూడా భీమవరమనే పేరుంది. ఆ ఆలయమైన కుమారారామాన్ని భీమారామమని పిలవడమూ ఉంది. కాబట్టి దారి అడిగేటప్పుడు ఊరి పేరుతో పాటు గునుపూడి అనో, సామర్లకోట అనో చేర్చి చెప్పడం మంచిది.

ఏ వరుసలో చూడాలన్న విషయంలో పట్టింపు పెట్టుకోనక్కరలేదు. వరుసను నిర్ణయించవలసింది మధ్యాహ్న విరామం. మామూలు రోజుల్లో ఈ గుళ్లు మధ్యాహ్నం మూసి, మళ్లీ సాయంత్రానికి తెరుస్తారు. కార్తీకంలో వేళలు మారుతుంటాయి కనుక ముందురోజే ఆలయానికి ఫోన్ చేసి కనుక్కోవాలి. తలుపులు మూసి ఉండే ఆ సమయం ప్రయాణంలో గడిచేలా చూసుకుంటే యాత్రలో సగం చిక్కు తీరినట్లే.

విజయవాడ లేదా గుంటూరు నుంచి వచ్చేవారు మొదటిరోజు తెల్లవారుజామునే అమరావతి చేరుకోవాలి. కృష్ణ ఒడ్డున ఉన్న అమరేశ్వరుని లింగం సుమారు 15 అడుగుల ఎత్తుంటుంది. అర్చకులు పైకి ఎక్కి అభిషేకం చేస్తారు. లింగం అలా పెరుగుతూనే ఉండడంతో శిరస్సున మేకు కొట్టారనీ, అప్పుడు కారిన రక్తపు చారికే పైన కనిపించే ఎర్రని మరక అనీ చెబుతారు. అమ్మవారు బాలచాముండిక. దర్శనం ముగించుకుని ఎండ ముదరక ముందే బయలుదేరితే, గునుపూడి గుడి సాయంత్రం తలుపులు తెరిచే వేళకు భీమవరంలో ఉండవచ్చు.

గునుపూడి సోమేశ్వరుడు పౌర్ణమికి తెల్లగానూ, అమావాస్యకు నల్లగానూ కనిపిస్తాడని ప్రతీతి. ఆ మార్పు చూడాలనుకునేవారు యాత్ర తేదీని తిథిని బట్టి పెట్టుకోవాలి. ఇక్కడ స్వామికి పై అంతస్తులో అన్నపూర్ణాదేవి కొలువై ఉంటుంది. కింద దర్శనం కాగానే వెనుదిరిగితే అమ్మవారి దర్శనం తప్పిపోతుంది. రాత్రి బస భీమవరంలో చేయవచ్చు.

రెండోరోజు పొద్దున్నే పాలకొల్లు. రైలులోనైనా, బస్సులోనైనా గంటలోపు ప్రయాణమే. తొమ్మిది అంతస్తుల రాజగోపురం దూరం నుంచే దారి చూపుతుంది. లింగం చిన్నది, తెల్లనిది. శిరస్సు కొప్పులా ఉండడం వల్ల కొప్పు రామలింగేశ్వరుడని కూడా పిలుస్తారు. పాల కోసం ఏడ్చిన ఉపమన్యుడనే బాలుని కరుణించి శివుడు ఇక్కడికి పాలు రప్పించాడన్న కథ వల్లనే ఇది క్షీరారామమయింది.

అక్కడి నుంచి ఎనిమిది గంటలకల్లా బయలుదేరడం ముఖ్యం. మార్టేరు, పెనుగొండ మీదుగా సిద్ధాంతం వద్ద వశిష్ఠ గోదావరిని, రావులపాలెం దాటాక జొన్నాడ వంతెన మీద గౌతమిని దాటి, రామచంద్రపురం మీదుగా ద్రాక్షారామం చేరాలి. తలుపులు మూయకముందే చేరుకోగలిగితే మంచిది, ఎందుకంటే ఐదింటిలో ఎక్కువ సమయం ఇవ్వదగినది ఈ క్షేత్రమే. సప్తగోదావరి గుండంలో కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లి, కింది అంతస్తులో భీమేశ్వరుని పీఠభాగాన్నీ, మెట్లెక్కి పై అంతస్తులో లింగ శిరస్సునూ దర్శించాలి. మాణిక్యాంబ ఆలయం అష్టాదశ శక్తిపీఠాలలో ఒకటి. కాశి నుంచి బహిష్కృతుడైన వ్యాసుడు ఇక్కడికి వచ్చాడన్న కథ వల్ల దీనికి దక్షిణ కాశి అనే పేరు వచ్చింది. శ్రీశైలం, కాళేశ్వరాలతో కలిపి త్రిలింగ క్షేత్రాలుగా లెక్కించే మూడింటిలో ఇదొకటి. గోడల మీదా, స్తంభాల మీదా వందలాది శాసనాలు ఉన్నాయి. చదవలేకపోయినా ఒక ప్రదక్షిణం వాటి కోసం చేయవచ్చు.

మధ్యాహ్న భోజనం అక్కడే ముగించుకుని, కాకినాడ మీదుగా సామర్లకోట వెళ్లాలి. ఈ గుడినీ, ద్రాక్షారామాన్నీ 9వ శతాబ్ది చివర, 10వ శతాబ్ది మొదట్లో పాలించిన తూర్పు చాళుక్య రాజు భీముడు కట్టించాడంటారు. రెండింటినీ ఒకే రోజు చూసినవారికి కట్టడంలోని పోలిక ఇట్టే కనబడుతుంది. ఇక్కడ కూడా సుమారు 14 అడుగుల లింగం కింది అంతస్తు నుంచి పై అంతస్తులోకి చొచ్చుకువస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవారు మెట్ల దగ్గర తొందరపడకూడదు. పైకి వెళ్లలేకపోతే కింద నుంచే దర్శనం చేసుకోవచ్చు. అమ్మవారు బాలాత్రిపురసుందరి.

సామర్లకోట జంక్షన్ చెన్నై-హౌరా ప్రధాన మార్గంలో ఉంది కనుక, తిరుగు ప్రయాణానికి రాత్రి రైలు ముందే రిజర్వు చేసుకుంటే కారు అద్దె ఒకవైపుకే సరిపోతుంది. విశాఖ వైపు నుంచి వచ్చేవారు ఇదే యాత్రను సామర్లకోటతో మొదలుపెట్టి అమరావతితో ముగించవచ్చు. అప్పుడు మొదటిరోజు ఉదయం సామర్లకోట, ద్రాక్షారామం, సాయంత్రం పాలకొల్లు చూసి, రాత్రి బస అక్కడే చేసుకోవాలి.