పాత చెస్ కంప్యూటర్‌తో మళ్లీ ఆడాలంటే

1977లో మనిషితో చెస్ ఆడే ఫిడెలిటీ చెస్ ఛాలెంజర్ అనే యంత్రం వచ్చాక మెఫిస్టో, నోవాగ్, సైటెక్ పేర్లతో ఇలాంటి పెట్టెలు బోలెడు వచ్చాయి. అలాంటిదొకటి చేతికొస్తే వెంటనే అడాప్టర్ గుచ్చేయకండి. ముందు వెనక లేబుల్ చూడండి: ఎన్ని వోల్టులు, ఏసీనా డీసీనా, పిన్ను మధ్యభాగం ప్లస్సా మైనస్సా. పిన్ను సరిగ్గా పట్టినా పోలారిటీ తిరగబడితే లోపలి చిప్ కాలిపోవచ్చు, దానికి బదులు ఇంకోటి వెతకడం పెద్ద తలనొప్పి.

బ్యాటరీ అరలో తెల్లగా పొడి పేరుకుందా? దూదికి కాస్త వెనిగర్ అద్ది తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి, పూర్తిగా ఆరనివ్వండి.

ఇక గళ్లు. నొక్కే రకం బోర్డైతే 64 గళ్లూ ఒక్కొక్కటిగా నొక్కి చూడాల్సిందే (విసుగే, తప్పదు), ఒక వరుస మొత్తం పలకకపోతే లోపం గడిలో కాకుండా లోపలి రిబ్బన్ కేబుల్ (పట్టీలా ఉండే తీగల వరుస) దగ్గర ఉండొచ్చు. అయస్కాంతాలున్న పావులతో నడిచే రీడ్ స్విచ్ బోర్డు మీద మామూలు పావులు పనిచేయవు, కాబట్టి కొనేటప్పుడే అన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టండి.

తక్కువ లెవెల్‌తో మొదలెట్టండి. పై లెవెల్స్‌లో కొన్ని ఒక్క ఎత్తుకే గంటలు ఆలోచిస్తాయి, పాడైందనుకుని స్విచ్ ఆపేయకండి.