పలాస జీడి ఫ్యాక్టరీ కప్పు మీద సోలార్

పిక్కలు ఉడికించడానికి ఆవిరి, పప్పు ఆరబెట్టడానికి వేడి కావాలి. ఈ రెంటికీ సోలార్ కరెంటు వాడాలని చూడకండి. 80 కిలోల బస్తాలో పప్పు పోగా మిగిలే తొక్క సగానికి పైమాటే, బాయిలర్‌కి అది చాలు. సోలార్‌ని కటింగ్ మెషీన్ల మోటార్లు, కంప్రెసర్, ఫ్యాన్ల వరకే లెక్కేసుకోండి.

ఏడాది బిల్లులు ముందేసుకుని నెల సగటు తీయండి. ఒక కిలోవాట్‌కి రోజుకి సుమారు 4 యూనిట్లు వస్తాయి, ముసురు రోజుల్లో బాగా పడిపోతుంది. నెలకి 2,400 యూనిట్లు కాలే షెడ్డుకి 20 కిలోవాట్లు సరిపోతాయి. అంటే 540 వాట్ల ప్యానెళ్లు 37, నీడ పడని జాగా 2,000 చదరపు అడుగులు. నెట్ మీటరుకి, అంటే మిగిలిన కరెంటు లైనుకి పంపితే లెక్కకట్టే మీటరుకి, దరఖాస్తు మన కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్‌కే. సోలార్‌కి కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ రాయితీ ఇళ్లకి మాత్రమే. ఫ్యాక్టరీకి ఇప్పిస్తామన్నవాడికి అడ్వాన్సు ఇవ్వకండి.

అసలు తలనొప్పంతా కప్పు దగ్గరే. సిమెంటు రేకుకి బెజ్జం పెట్టి బిగిస్తే తొలి వానకే కారుతుంది, మనిషి కాలు పడితే పగులుతుంది. బరువంతా రేకు మీద కాదు, కింది ఇనుప దూలాల మీద పడాలి. గోడౌన్‌కి శ్లాబు ఉంటే ఇంకా మేలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది, గాలి గంటకి 140 నుంచి 150 కిలోమీటర్లు. ఆ గాలికి ప్యానెళ్ల ఫ్రేము ఆగుతుందని ఇంజినీరు సంతకంతో కాగితం అడగండి. గాల్వనైజ్డ్ ఫ్రేము, స్టెయిన్‌లెస్ బోల్టులు తప్పనిసరి. ఉప్పుగాలికి మామూలు ఇనుము ఎన్నాళ్లో నిలవదు. వాలు దక్షిణానికి 10 నుంచి 15 డిగ్రీలు చాలు, ఎత్తిన కొద్దీ గాలి పట్టేస్తుంది. రెండు ప్యానెళ్ల మధ్య ఉండే క్లాంపు రెంటినీ కలిపి పట్టుకుంటుంది. ఒకటి ఎగిరితే పక్కదాని అంచుకీ పట్టు పోతుంది, అలా వరస వరసంతా లేచిపోతుంది. అందుకే ఏటా సెప్టెంబరులో ప్రతి బోల్టూ బిగువు కొలిచే టార్క్ రెంచితో చూడాలి.

తొక్క పొగలో జిడ్డు ఉంటుంది. ప్యానెళ్లు చిమ్నీకి దూరంగా, గాలి వచ్చే వైపున ఉండాలి. మసి పడితే ఉత్తి నీళ్లకి పోదు. తెల్లవారుజామున, అద్దం చల్లగా ఉండగానే, కాస్త సబ్బునీళ్లు, మెత్తటి మాప్‌తో తుడవండి. బోరునీళ్లు ఆరితే తెల్లమరకలు కడతాయి, చివర్లో మంచినీళ్లతో కడిగెయ్యండి.

ఇంకొకటి, లైను పోతే బ్యాటరీ లేని సోలార్ కూడా ఆగిపోతుంది, ఎంత ఎండ కాసినా సరే. జనరేటర్‌తో కలిపి నడపాలంటే మధ్యలో కంట్రోలర్ ఉండాలి. లేకపోతే మిగిలిన కరెంటు జనరేటర్‌లోకి ఎదురు తన్ని దాన్ని పాడుచేస్తుంది.